ఆరుగురా, ఎనిమిదిమందా, పన్నెండుమందా? అమెరికా రాష్ట్ర కోర్టుల్లో జ్యూరీ ఎంతమందితో ఉంటే మేలు

ఫ్లోరిడాలో తుపాకీ చూపించి దోపిడీ చేశాడని ఒకరి మీద కేసు నడిస్తే, నేరం రుజువైనప్పుడు యావజ్జీవం దాకా పడొచ్చు. అలాంటి కేసులో ఆ మనిషి దోషా కాదా అని తేల్చేది ఆరుగురు సామాన్య పౌరుల జ్యూరీ. అదే దోపిడీ సరిహద్దు దాటి జార్జియాలో జరిగితే పన్నెండుమంది కూర్చుంటారు. అరిజోనాలో 30 ఏళ్లు, అంతకు మించి శిక్ష పడే వీలున్న కేసులకు పన్నెండుమంది, మిగతా ఫెలనీలకు, అంటే పెద్ద నేరాలకు, ఎనిమిదిమంది. దేశం ఒకటే, రాజ్యాంగం ఒకటే, క్రిమినల్ కేసుల్లో జ్యూరీ హక్కు ఇచ్చిన ఆరో సవరణ కూడా ఒకటే. సంఖ్య మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారిపోతుంది.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు దీనితో ఏదో ఒక రోజు పని పడుతుంది. సిటిజన్‌షిప్ వచ్చాక జ్యూరీ డ్యూటీకి సమ్మన్లు వస్తాయి. కారు యాక్సిడెంటో, ఇల్లు కట్టిన కాంట్రాక్టరుతో గొడవో, వ్యాపారంలో భాగస్వామితో తగాదానో కోర్టుకెక్కితే, జ్యూరీ కావాలా, కావాలంటే ఎంతమందితో అని లాయరు అడుగుతారు. రాష్ట్ర శాసనసభలో జ్యూరీని కుదించే బిల్లు వస్తే మన ప్రతినిధికి ఏం చెప్పాలన్నది మూడో సందర్భం. ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్న పోలిక ఇది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏళ్ల తరబడి జైలు పడే కేసులకు పన్నెండుమందికి తగ్గకూడదు. సివిల్ కేసుల్లో తక్కువమందితో సరిపెట్టుకోవచ్చు. కానీ ఎంతమంది కూర్చుంటారన్నది ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. ఎంతమంది ఒప్పుకుంటే వెర్డిక్ట్ (జ్యూరీ తీర్పు) అవుతుందన్న సంఖ్యను కూడా పక్కన పెట్టుకుని చూడాలి. ఈ రెండో సంఖ్యను చాలామంది పట్టించుకోరు, అసలు తేడా మాత్రం అక్కడే ఉంటుంది.

ఆరు అనే సంఖ్య ఎలా వచ్చింది

ఇంగ్లండులో వందల ఏళ్లుగా జ్యూరీ అంటే పన్నెండుమందే. అమెరికా ఆ పద్ధతినే తెచ్చుకుంది. 1898లో థాంప్సన్ వర్సెస్ యూటా అనే కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఒక దూడను దొంగిలించాడన్న ఆరోపణ మీద యూటాలో ఎనిమిదిమంది జ్యూరీ ఒకతన్ని దోషి అని తేల్చింది. నేరం జరిగినప్పుడు యూటా ఇంకా రాష్ట్రం కాలేదు, కేంద్రం పాలనలో ఉన్న ప్రాంతం. కాబట్టి ఆరో సవరణ నేరుగా వర్తిస్తుందని, రాజ్యాంగం చెప్పిన జ్యూరీలో పన్నెండుమంది ఉండాలని, అంతకు ఒకరు ఎక్కువా కాదు, తక్కువా కాదని కోర్టు చెప్పింది. ఒక దూడ కేసులో అంత పట్టుగా నిలబడ్డ కోర్టు, 72 ఏళ్ల తర్వాత యావజ్జీవం పడ్డ దోపిడీ కేసులో ఆరుగురు చాలంది.

ఆ రెండోది విలియమ్స్ వర్సెస్ ఫ్లోరిడా, 1970. ఫ్లోరిడా ఆరుగురి జ్యూరీకి మారింది 1877లో. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాదిలో ఉన్న కేంద్ర సైన్యం ఆ రాష్ట్రాన్ని వదిలి వెళ్లిపోయిన వెంటనే ఈ మార్పు వచ్చింది. నల్లజాతివాళ్లకు జ్యూరీలో కూర్చునే హక్కు అప్పటికి కొత్త. జిమ్ క్రో కాలంలో, అంటే చట్టం పేరుతోనే నల్లజాతివాళ్లను వేరు చేసి ఉంచిన రోజుల్లో, కొన్ని రాష్ట్రాలు మైనారిటీల గొంతు వినబడకుండా చేయడానికే జ్యూరీని కుదించాయని, ఏకగ్రీవం అక్కర్లేదన్నాయని సుప్రీంకోర్టు జస్టిస్ నీల్ గోర్సచ్ 2022లో రాశారు. 1970 నాటి తీర్పులో ఈ చరిత్ర మీద చర్చ లేదు. పన్నెండు అన్నది చరిత్రలో యాదృచ్ఛికంగా నిలిచిపోయిన సంఖ్య అని జస్టిస్ బైరన్ వైట్ రాశారు. అందరూ కలిసి చర్చించుకోవడానికి, బయటి ఒత్తిడి లేకుండా ఉండటానికి, సమాజంలోని రకరకాల మనుషులు రావడానికి ఆరుగురు సరిపోతారన్నది ఆయన వాదన.

తర్వాత మెట్లు త్వరగా చెప్పేస్తాను. అట్లాంటాలో ఒక సినిమా థియేటర్ మేనేజరు మీద పెట్టిన అశ్లీలత కేసును ఐదుగురి జ్యూరీ తేల్చింది. 1978లో బల్యూ వర్సెస్ జార్జియా తీర్పులో సుప్రీంకోర్టు ఐదుగురు చాలరని చెప్పింది. మరుసటి ఏడాది బర్చ్ వర్సెస్ లూయిజియానాలో, ఆరుగురే ఉంటే ఆ ఆరుగురూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలంది. 2020లో రామోస్ వర్సెస్ లూయిజియానాతో, రాష్ట్ర కోర్టుల్లో తీవ్రమైన నేరాలన్నిటికీ ఏకగ్రీవం తప్పనిసరైంది. అంతదాకా లూయిజియానా, ఆరెగాన్ రాష్ట్రాల్లో 10-2తో కూడా మనిషిని జైలుకు పంపేవారు. సంఖ్య సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. 2022లో అరిజోనా నుంచి, 2024లో ఫ్లోరిడా నుంచి వచ్చిన అప్పీళ్లను వినడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రెండుసార్లూ గోర్సచ్ విభేదించారు.

ఈ రోజు ఫెలనీ కేసుల్లో పన్నెండుకు తక్కువమందిని కూర్చోబెడుతున్న రాష్ట్రాలు ఆరు. ఫ్లోరిడా, కనెక్టికట్ చాలా ఫెలనీలను ఆరుగురితో నడుపుతాయి. ఇండియానా కింది స్థాయి ఫెలనీలకు, మసాచుసెట్స్ తన జిల్లా కోర్టుల్లో విచారించే ఫెలనీలకు ఆరుగురిని పెడతాయి. అరిజోనా, యూటా చాలావాటిని ఎనిమిదిమందితో. మిగతా 44 రాష్ట్రాలు ఫెలనీ అంటే పన్నెండుమందే అంటున్నాయి. 2013లో జార్జ్ జిమ్మర్‌మన్ హత్యకేసును ఫ్లోరిడాలోని సాన్‌ఫోర్డ్‌లో ఆరుగురు మహిళల జ్యూరీ విచారించినప్పుడు, ఇంత పెద్ద కేసుకు ఆరుగురేమిటని మిగతా రాష్ట్రాలవాళ్లు ఆశ్చర్యపోయింది అందుకే.

ఒంటరికి ఒక తోడు

విలియమ్స్ తీర్పులో నన్ను బాగా ఇబ్బంది పెట్టేది ఒక లెక్క. పన్నెండుమందిలో ఇద్దరు విభేదించినా, ఆరుగురిలో ఒకరు విభేదించినా నిష్పత్తి ఒకటే కాబట్టి, ఆ ఇద్దరి మీద ఉండే ఒత్తిడీ, ఈ ఒకరి మీద ఉండే ఒత్తిడీ దాదాపు ఒకటే అన్నట్టు కోర్టు తీసుకుంది. కాగితం మీద ఆరులో ఒకటీ, పన్నెండులో రెండూ సమానమే. గదిలో కూర్చున్న మనుషుల విషయంలో కాదు.

దీన్ని 1950ల్లోనే మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ ప్రయోగాలు చేసి చూపించారు. ఒక గీత పొడవుతో ఏ గీత సరిపోతుందో చెప్పమంటారు. కళ్లకు స్పష్టంగా కనబడే జవాబే. కానీ గుంపులో మిగతావాళ్లంతా ముందే అనుకుని తప్పు జవాబు చెబుతారు. పాపం ఆ ఒక్క మనిషి దాదాపు మూడో వంతు సందర్భాల్లో తన కళ్లను పక్కనపెట్టి గుంపుతో కలిసిపోయాడు. తర్వాత, సరైన జవాబు చెప్పే మనిషిని ఒక్కరిని గుంపులో కలిపారు. తోడు దొరకగానే ఆ లొంగుబాటు అంతకుముందు ఉన్నదానిలో దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది.

జ్యూరీ గదిని ఊహించుకోండి. "ఈ సాక్షి చెప్పింది నాకు నమ్మబుద్ధి కావట్లేదు" అని ఒకరు అన్నారు. మిగతా ఐదుగురూ ఆమె వైపు తిరిగారు. సాయంత్రం అయిపోతోంది, ఇంటికి వెళ్లాలి, పిల్లల్ని తెచ్చుకోవాలి. ఆ గదిలో ఇంకొకరు "నాకూ అదే అనుమానం" అంటే కథ వేరేగా ఉంటుంది. ఆ రెండో మనిషి ఉండే అవకాశాన్ని జ్యూరీ సంఖ్య ఎంత మారుస్తుందో లెక్కవేసి చూడొచ్చు.

జనాభాలో 10 శాతం ఉన్న ఒక వర్గాన్ని తీసుకుందాం. వలస వచ్చినవాళ్లనుకోండి, ఒక రంగువాళ్లనుకోండి, లేదా ఏ వర్గమూ కాకుండా ఒక కేసును ఫలానా కోణంలో చూసే 10 శాతం మంది అనుకోండి. చీటీలు తీసినట్టు మనుషుల్ని ఎంచితే, ఆ వర్గం నుంచి కనీసం ఒక్కరైనా ఉండే అవకాశం పన్నెండుమంది జ్యూరీలో 72 శాతం, ఎనిమిదిమందిలో 57 శాతం, ఆరుగురిలో 47 శాతం. అంటే ఆరుగురి జ్యూరీలు వంద చూస్తే, సగానికి పైగా వాటిలో ఆ వర్గం మనిషే ఉండరు. ఇక కనీసం ఇద్దరు ఉండే అవకాశం, అంటే ఒంటరికి తోడు దొరికే అవకాశం, పన్నెండుమందిలో 34 శాతం. ఎనిమిదిమందిలో 19. ఆరుగురిలో 11. జ్యూరీని సగం చేస్తే తోడు దొరికే అవకాశం సగం కాదు, మూడో వంతుకు పడిపోతుంది.

ఇది నికరమైన లెక్కే కానీ సరళమైన లెక్క. లాయర్లు జ్యూరర్లను తీసేయడం, అసలు సమ్మన్లకు జవాబివ్వనివాళ్లు ఎక్కువగా ఏ వర్గంలో ఉంటారన్నది ఇందులో లేవు. అవి కూడా కలిపితే మైనారిటీలకు పరిస్థితి సాధారణంగా ఇంకా తగ్గుతుందే గాని పెరగదు.

మనవాళ్ల కేసుల్లో ఇది ఎందుకు ముఖ్యమంటే, సాక్ష్యం ఎంతో కొంత మనిషి తీరు మీద ఆధారపడుతుంది. పెద్దవాళ్ల ముందు కళ్లలోకి సూటిగా చూడకపోవడం, "అవును" అనడానికి తల అటూ ఇటూ ఊపడం, పోలీసు అడిగినప్పుడు భయంతో ఎక్కువ మాట్లాడకపోవడం. ఇవన్నీ తెలియనివాళ్లకు దాపరికంలా కనబడొచ్చు. "వాళ్ల ఇళ్లలో అలాగే ఉంటారు, అందులో తప్పేమీ లేదు" అని చెప్పగలిగే మనిషి ఒక్కరు గదిలో ఉంటే చర్చ తీరు మారుతుంది.

సంఖ్య మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి 1997లో మైకేల్ సాక్స్, మోలీ మార్టీ ఒక విశ్లేషణ వేశారు. 17 అధ్యయనాలు, సుమారు 2 వేల జ్యూరీలు, 15 వేల మంది. పెద్ద జ్యూరీల్లో మైనారిటీ వర్గాలవాళ్లు ఉండే అవకాశం ఎక్కువ. అవి ఎక్కువసేపు చర్చిస్తాయి. సాక్ష్యాన్ని కొంత మెరుగ్గా గుర్తుపెట్టుకుంటాయి. ఏకాభిప్రాయం కుదరక హంగ్ అయ్యేదీ అవే ఎక్కువ. ఈ చివరిదాన్ని చిన్న జ్యూరీని సమర్థించేవాళ్లు పెద్ద లోపంగా చూపిస్తారు. నేను ఒప్పుకోను. చికాగో యూనివర్సిటీ పరిశోధకులు హ్యారీ కాల్వెన్, హాన్స్ జైసెల్ అమెరికన్ జ్యూరీల మీద చేసిన పేరున్న అధ్యయనంలో హంగ్ జ్యూరీలు తేలింది 5.5 శాతమే. ఆ కొద్ది కేసుల్లో అనుమానం తీరని మనిషి ఉన్నారని అర్థం. ఆ అనుమానాన్ని వినబడకుండా చేస్తే కేసు ముగుస్తుంది, నిజం తేలినట్టు కాదు.

ఇంకో సంగతి. 1978 బల్యూ తీర్పులో ఐదుగురు చాలరని చెప్పడానికి జస్టిస్ హ్యారీ బ్లాక్‌మన్ పరిశోధనలు ఎన్నో ఉదహరించారు. వాటిలో ఎక్కువభాగం పోల్చింది ఆరుగురినీ పన్నెండుమందినీ. ఆరు తక్కువని చెప్పే ఆధారాలతోనే ఆరు చాలు, ఐదు చాలదు అని గీత గీశారు. ఆ గీత అక్కడే ఉండాలనడానికి పరిశోధనలో బలమైన ఆధారం లేదు.

ఎంత మిగులుతుంది

జ్యూరీ తగ్గించే బిల్లు ఎప్పుడొచ్చినా మొదట వినబడే మాట ఖర్చు. లెక్క చూద్దాం. కాలిఫోర్నియాలో జ్యూరర్‌కు రెండో రోజు నుంచి రోజుకు 15 డాలర్లు ఇస్తారు. ఐదు రోజుల కేసులో ఆరుగుర్ని తగ్గిస్తే ఆ పద్దు కింద మిగిలేది 360 డాలర్లు. ఫెడరల్ కోర్టుల్లో రోజుకు 50 డాలర్లు ఇస్తారు, అదే లెక్కన 1,500 డాలర్లు మిగులుతాయి. జడ్జి జీతం, క్లర్కు, కోర్టు రిపోర్టరు, భద్రత, ఇద్దరి లాయర్ల ఫీజులు, నిపుణుల సాక్ష్యాల ఫీజులు, ఇవేవీ తగ్గవు. సాక్షులు చెప్పేది పన్నెండుమంది విన్నా ఆరుగురు విన్నా అంతే సమయం పడుతుంది. ఎంపికలోనూ, చర్చలోనూ కొంత సమయం కలిసొస్తుంది. పిలవాల్సిన జనం తగ్గుతారు, పనులు మానుకుని వచ్చేవాళ్లు తగ్గుతారు. చిన్న కౌంటీల్లో ఈ చివరిది నిజంగా లెక్కలోకి వస్తుంది. దాన్ని కాదనను.

ఇల్లినాయ్ కథ ఇక్కడ బాగా పనికొస్తుంది. 2014 చివర్లో గవర్నర్ పాట్ క్విన్ సంతకం చేసిన చట్టం సివిల్ జ్యూరీని పన్నెండు నుంచి ఆరుకు తగ్గించింది. అదే చట్టం జ్యూరర్ల భత్యాన్ని మొదటి రోజుకు 25 డాలర్లకు, తర్వాతి రోజులకు 50 డాలర్లకు పెంచింది. తగ్గిన మనుషుల డబ్బును మిగిలిన మనుషులకు పంచుదామన్నది ఆలోచన. వినడానికి బాగానే ఉంది. 2016లో కేకోస్ వర్సెస్ బట్లర్ అనే వైద్య నిర్లక్ష్యం కేసులో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని మొత్తంగా కొట్టేసింది. జ్యూరీ హక్కు ఇదివరకు ఉన్నట్టే చెక్కుచెదరకుండా ఉంటుందని ఆ రాష్ట్ర రాజ్యాంగం చెబుతోంది. ఇదివరకు ఉన్నది పన్నెండుమంది కాబట్టి, రాజ్యాంగం మార్చకుండా శాసనసభ ఆ సంఖ్యను ముట్టుకోలేదని తేల్చింది. సంఖ్యతో ముడిపెట్టినందువల్ల భత్యం పెంపు కూడా పోయింది. జ్యూరర్లకు సరైన భత్యం ఇవ్వడం ఎంతో అవసరం. రోజుకూలీ మీద బతికేవాళ్లు జ్యూరీకి రాలేకపోవడానికి పెద్ద కారణం అదే. దాన్ని సంఖ్యతో ముడిపెట్టకుండా విడిగా పెంచి ఉంటే నిలిచేది.

కూర్చునేవాళ్లు ఎంతమంది, ఒప్పుకోవాల్సినవాళ్లు ఎంతమంది

క్రిమినల్‌లో ఇప్పుడు దాదాపు అంతా ఏకగ్రీవమే కాబట్టి, అక్కడ సంఖ్య ఎంత పెద్దదైతే రక్షణ అంత ఎక్కువ. సివిల్‌లో అలా కాదు. చాలా రాష్ట్రాల్లో అందరూ ఒప్పుకోనక్కర్లేదు. కాలిఫోర్నియాలో పన్నెండుమందిలో 9 మంది చాలు. టెక్సస్ డిస్ట్రిక్ట్ కోర్టులో పన్నెండులో 10. న్యూయార్క్, న్యూజెర్సీ, మిషిగన్‌లలో ఆరుగురిలో 5. ఒహాయోలో ఎనిమిదిమందిలో 6.

పైన చెప్పిన 10 శాతం మంది కథే ఇక్కడా తీసుకుని, వాళ్లంతా ఒకే వైపు గట్టిగా నిలబడ్డారనుకుందాం. వాళ్లను దాటి వెర్డిక్ట్ రాకుండా ఆపగలిగే అవకాశం ఎంత? పన్నెండుమంది ఏకగ్రీవంగా ఉండాల్సిన చోట 72 శాతం. ఆరుగురు ఏకగ్రీవంగా ఉండాల్సిన చోట 47. న్యూయార్క్ పద్ధతిలో, ఆరులో ఐదు చాలన్నప్పుడు, 11. టెక్సస్ పద్ధతిలో, పన్నెండులో పది చాలన్నప్పుడు, అదీ 11. ఒహాయోలో 4. కాలిఫోర్నియాలో 3 శాతం కూడా లేదు.

పన్నెండుమంది కూర్చున్నా 9 ఓట్లు చాలన్న కాలిఫోర్నియా సివిల్ జ్యూరీలో ఒంటరి అనుమానానికి ఉన్న బలం, ఆరుగురి న్యూయార్క్ జ్యూరీలో ఉన్నదానికంటే తక్కువ. సంఖ్య చూసి ధైర్యపడకూడదని ముందే అన్నది ఇందుకే. అయితే ఇంకో వైపు కూడా ఉంది. ఆపే బలం లేకపోయినా, పన్నెండుమంది గదిలో ఆ మాట అనే మనిషి ఉండే అవకాశం ఇంకా 72 శాతమే. చర్చలో ఒక కోణం రావడం, చివర్లో ఓటుతో ఆపడం, ఈ రెండూ వేర్వేరు రక్షణలు. మొదటిదాన్ని కూర్చునేవాళ్ల సంఖ్య ఇస్తుంది, రెండోదాన్ని ఓట్ల నియమం ఇస్తుంది. ఒకటి తగ్గిస్తే రెండోదాన్ని ముట్టుకోకూడదు. రెండూ తగ్గించిన ఒహాయో తరహా నియమం నాకు నచ్చదు.

మన దేశంలో జ్యూరీ అనగానే గుర్తొచ్చే 1959 నాటి నానావతి హత్యకేసులో తొమ్మిదిమంది కూర్చున్నారు. 8-1తో నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జి ఒప్పుకోక బొంబాయి హైకోర్టుకు పంపారు, అక్కడ శిక్ష పడింది. ఆ పద్ధతి మన దగ్గర పోయింది కానీ, పార్శీల వివాహ కోర్టుల్లో జడ్జితోపాటు కూర్చునే ప్రతినిధుల రూపంలో ఇంకా కొంత మిగిలే ఉంది. అక్కడ కూడా 1988లో ఏడుగురిని ఐదుగురికి తగ్గించారు.

నష్టపరిహారం కేసుల్లో ఇంకో తేడా ఉంది. ఒక గాయానికి ఎంత ఇవ్వాలన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా తోస్తుంది. ఆరుగురి సగటు, పన్నెండుమంది సగటుకంటే సుమారు 1.4 రెట్లు ఎక్కువ ఊగుతుంది. ఇది గణాంకశాస్త్రంలో మామూలు సూత్రం. అంటే చిన్న జ్యూరీ దగ్గర ఊహించనంత పెద్ద మొత్తమూ రావచ్చు, ఊహించనంత చిన్నదీ రావచ్చు.

మీ ముందు ఉన్న కేసు ఏది

ఫెలనీ కేసులో చాలా రాష్ట్రాల్లో మీకు ఎంపిక ఉండదు, పన్నెండుమంది వస్తారు. విచారణ మధ్యలో ఒక జ్యూరరుకు ఒంట్లో బాగోక వెళ్లిపోతే, మిగిలిన పదకొండుమందితో కానిచ్చేద్దామా అని జడ్జి అడగవచ్చు. నిందితుడి వైపు ఉన్నవాళ్లు తొందరపడి ఒప్పుకోకూడదు. వెళ్లిపోయిన ఆ ఒక్కరు ఏ వైపు మొగ్గుతున్నారో లాయరుకు ఒక అంచనా ఉంటుంది, ముందు అది అడగాలి. ఫ్లోరిడా, అరిజోనా లాంటి చోట్ల అయితే పన్నెండుమంది కావాలని జ్యూరీ ఎంపికకు ముందే రాతపూర్వకంగా అడిగించి, జడ్జి కాదన్న సంగతి రికార్డులో పెట్టించాలి. ఇప్పుడు అది గెలవదు. కానీ రామోస్ తీర్పు వచ్చినప్పుడు ఏమైందో చూడండి. 2021లో ఎడ్వర్డ్స్ వర్సెస్ వానోయ్ కేసులో, అప్పటికే అప్పీళ్లు ముగిసిపోయిన ఖైదీలకు ఆ కొత్త హక్కు ఫెడరల్ హేబియస్ పిటిషన్ (జైల్లో ఉంచడాన్ని ఫెడరల్ కోర్టులో సవాలు చేసే పిటిషన్) ద్వారా వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. రేపు సంఖ్య మీద కూడా తీర్పు మారితే, కేసు నడుస్తుండగా అభ్యంతరం చెప్పి ఉంచుకున్నవాళ్లే ముందు వరుసలో ఉంటారు.

మిస్‌డిమీనర్ కేసుల్ని, అంటే చిన్న నేరాల కేసుల్ని, మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. వీసా మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లకు కొన్ని రకాల చిన్న నేరాలు కూడా ఇమిగ్రేషన్‌లో పెద్ద చిక్కు తెస్తాయి. గ్రీన్‌కార్డు ఉన్నా జ్యూరీలో కూర్చోవడానికి వీల్లేదు, సమ్మన్లు పొరపాటున వస్తే సిటిజన్ కాదని జవాబు పంపాలి. జ్యూరీ హక్కున్న కేసులో నిందితుడిగా జ్యూరీ కోరడానికి మాత్రం సిటిజన్ కానక్కర్లేదు. టెక్సస్‌లో మొదటిసారి తాగి నడిపిన కేసు కౌంటీ కోర్టులో ఆరుగురి ముందుకు వెళ్తుంది, ఏకగ్రీవం కావాలి. వర్జీనియాలో మిస్‌డిమీనర్‌కు ఏడుగురు. కాలిఫోర్నియాలో మిస్‌డిమీనర్‌కు కూడా పన్నెండుమంది. న్యూజెర్సీలో తాగి నడిపిన కేసుకు జ్యూరీయే లేదు, జడ్జి ఒక్కరే. ఆరుగురి జ్యూరీ, జడ్జి ఒక్కరే అన్న రెండింటిలో ఎంచుకోవాల్సి వస్తే, ఎవరి మాట నమ్మాలన్నదే అసలు ప్రశ్న అయిన కేసుకు ఆరుగురు మేలు. పోలీసులు కారు ఆపిన పద్ధతి చట్టబద్ధమా, పరీక్ష చేసిన యంత్రం నియమాల ప్రకారం ఉందా లాంటి సాంకేతిక వాదన మీదే నిలిచే కేసయితే జడ్జి చేతిలో పెట్టడంలో అర్థం ఉంది.

సివిల్ కేసుల్లో కొన్ని రాష్ట్రాలు నిజంగానే ఎంపిక ఇస్తాయి. సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో, సుపీరియర్ కోర్టులో ఆరుగురు కావాలంటే 125 డాలర్లు, పన్నెండుమంది కావాలంటే 250 డాలర్లు ఫీజు కట్టి అడగాలి. ఆ 125 డాలర్ల తేడా చూసి నిర్ణయించేయకండి. మీరు దావా వేసినవాళ్లయి, మొత్తం మరీ పెద్దది కాకుండా, బిల్లులూ ఫోటోలూ పక్కాగా ఉంటే ఆరుగురు సరిపోతారు, పని త్వరగా అవుతుంది. మీ మీద దావా పడి, అవతలివాళ్లు పెద్ద మొత్తం అడుగుతున్నప్పుడు పన్నెండుమందిని కోరడం మంచిది. మొత్తం మరీ ఊగిపోకుండా అది కాస్త అదుపు చేస్తుంది. మీ వాదనలో మన కుటుంబ పద్ధతులు, చేబదుళ్లు, నోటిమాట మీద ఇచ్చిన హామీలు ఉంటే, మీరు ఏ వైపు ఉన్నా సరే, నేనైతే పన్నెండుమందినే అడుగుతాను. అలాంటివి అర్థం చేసుకునే మనిషి దొరికే అవకాశం అక్కడ ఎక్కువ. జ్యూరీ అడగడానికి ప్రతి కోర్టుకూ గడువు ఉంటుంది. అది దాటితే హక్కు వదులుకున్నట్టే లెక్క. మొదటి మీటింగులోనే ఆ తేదీ అడిగి రాసుకోండి.

ఇక ఓటరుగా. మీ రాష్ట్రంలో జ్యూరీ తగ్గించే బిల్లు వస్తే ముందు అది సివిల్‌కా, క్రిమినల్‌కా చూడండి. క్రిమినల్ అయితే వద్దని రాయండి. సివిల్ అయితే, ఓట్ల నియమం ఏమవుతోందో చూడండి. పన్నెండులో తొమ్మిది చాలన్న చోట, ఎనిమిదిమంది ఏకగ్రీవంగా ఒప్పుకోవాలని మార్చే బిల్లు వస్తే నేను సమర్థిస్తాను. అక్కడ చర్చకు తగినంతమంది ఉంటారు, అనుమానానికి బలం పెరుగుతుంది. సంఖ్య తగ్గించి ఓట్లనూ తగ్గించే బిల్లయితే ఎంత పొదుపు చూపించినా ఒప్పుకోకూడదు. జ్యూరర్ల భత్యం పెంపును అందులో కలిపి తెస్తే, ఇల్లినాయ్‌లో ఏమైందో మీ ప్రతినిధికి గుర్తుచేసి, భత్యానికి వేరే బిల్లు పెట్టమని అడగండి.